బొమ్మ రోముది, విలువ మనది: తెలంగాణలో లభించిన రోమన్ వెండి నాణేలు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో దక్కను పీఠభూమికి చేరిన విదేశీ నాణేలలో రోమన్ వెండి నాణెమైన దెనారియస్ ముఖ్యమైనది. దానిపై చక్రవర్తి ముఖం, బిరుదులు, వారసులు, దేవతారూపాలు ఉండేవి. సామ్రాజ్యపు ప్రజలకు పాలకుడి అధికారాన్ని చాటడానికి వీటిని రూపొందించారు. ఆ సామ్రాజ్యానికి పన్ను కట్టని, ఆ లిపి చదవని తెలంగాణ నేలలో ఈ బొమ్మలకు ఏ అర్థం మిగిలిందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లె నిధి మొదలుకొని పెద్దబంకూరు, కొండాపూర్ తవ్వకాల ఆధారాల వరకు, శాతవాహనుల రూపనాణేల నుంచి తెలుగులో నిలిచిన ‘దీనారం’ అనే మాట వరకు ఇందులో చర్చకు వస్తాయి. చక్రవర్తి రూపం ఇక్కడ రాజ్యాధికార చిహ్నంగా గాక, వెండి నాణ్యతకు హామీగా, తరువాత అలంకారంగా చెల్లుబాటైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: దెనారియస్, అక్కన్‌పల్లె నిధి, అగస్టస్, తిబేరియస్, శాతవాహన రూపనాణేలు, విద్ధాంక నాణేలు, దీనారం, లంకెబిందె.

1. ఉపోద్ఘాతం

జనగామ జిల్లాలోని లింగాల ఘనపూర్ ప్రాంతం తెలంగాణ పటంలో ఒక నడిమి చోటు. దానికి దక్షిణాన ఉమ్మడి నల్లగొండ జిల్లా, ఉత్తరాన ఉమ్మడి కరీంనగర్ జిల్లా ఉన్నాయి. దక్షిణాన అక్కన్‌పల్లెలోనూ, ఉత్తరాన నస్తుల్లాపూర్, పెద్దబంకూరులలోనూ రోమన్ వెండి నాణేలు దొరికాయి. కృష్ణా గోదావరుల నడుమ ఉన్న ఈ నేల సముద్రానికి దూరం. అయినా సముద్రం దాటి వచ్చిన వెండి ఇక్కడి మట్టికుండల్లోకి చేరింది.

ఈ నాణేలను గురించి రాసిన వారిలో ఎక్కువమంది వర్తక చరిత్ర దృష్టితోనే చూశారు. 1904లో రాబర్ట్ సూయెల్ భారతదేశంలో దొరికిన రోమన్ నాణేలన్నిటినీ ఒకచోట చేర్చి వివరించాడు. 1965లో పరమేశ్వరీలాల్ గుప్తా ఆంధ్రప్రదేశ్‌లో లభించిన రోమన్ నాణేలపై ప్రత్యేక గ్రంథం వెలువరించారు. 1989లో పాలా టర్నర్ దేశవ్యాప్త నిధులను మళ్లీ పరిశీలించారు. ఏ నాణెం ఎక్కడ, ఎన్ని, ఎవరి కాలానిది అనే విషయాలు ఈ కృషివల్ల స్పష్టపడ్డాయి. అయితే ఆ నాణేన్ని చేతిలోకి తీసుకున్న దక్కను వాసి దానిలో ఏమి చూశాడు అన్న ప్రశ్నకు తక్కువ చోటు దక్కింది. ఫలితంగా రోమన్ నాణెం దొరికిన ప్రతిచోటా ‘రోమన్ ప్రభావం’ అన్న మాట సులువుగా వాడుకలోకి వచ్చింది. ఆ మాటను ఆధారాల వెలుగులో పరీక్షించడం అవసరం.

2. దెనారియస్: బొమ్మ, బొరుసు

నాణేనికి రెండు వైపులను తెలుగులో బొమ్మ, బొరుసు అంటాం. దెనారియస్ విషయంలో ఈ రెండూ రెండు వేర్వేరు ప్రకటనలు. తెలంగాణ నిధుల్లో ప్రధానంగా కనిపించేవారు అగస్టస్ (క్రీ.పూ. 27 – క్రీ.శ. 14), తిబేరియస్ (క్రీ.శ. 14 – 37). కాబట్టి వారి కాలపు రెండు నమూనాలను ఇక్కడ పరిశీలిద్దాం. భారతదేశంలో విస్తారంగా దొరికినవి కూడా ఇవే.

మొదటిది అగస్టస్ నాణెం. క్రీ.పూ. 2 నుంచి లుగ్దునుమ్ టంకశాలలో, అంటే నేటి ఫ్రాన్సులోని లియోన్ నగరంలో దీనిని ముద్రించారు. బొమ్మ వైపు ఆకుల కిరీటం ధరించిన అగస్టస్ తల ఉంటుంది. దాని చుట్టూ ‘కేసర్ అవ్‌గుస్తుస్’ అన్న పేరు, ‘దైవపుత్రుడు’, ‘దేశపిత’ అనే అర్థాలనిచ్చే లాటిన్ బిరుదులు ఉంటాయి. బొరుసు వైపు ఇద్దరు యువకులు నిలబడి ఉంటారు. వారు అగస్టస్ దౌహిత్రులు, దత్తపుత్రులు అయిన గాయస్, లూసియస్. వారి మధ్య డాళ్లు, బల్లేలు. పైన యజ్ఞకర్మలో వాడే గరిటె, శకునాలు చూసే పురోహితుని వంకీకర్ర. ఈ ఒక్క వైపే సింహాసనం తరువాత ఎవరికి దక్కుతుందో, వారికి సైన్యమూ దైవమూ ఎలా తోడున్నాయో చెబుతుంది. అయితే లూసియస్ క్రీ.శ. 2లోనూ, గాయస్ క్రీ.శ. 4లోనూ మరణించారు. నాణెం చాటిన వారసత్వం నెరవేరలేదు. ఆ ఇద్దరి బొమ్మలున్న వెండి మాత్రం దక్కనుదాకా నడిచి వచ్చింది.

రెండవది తిబేరియస్ నాణెం. బొమ్మ వైపు అతని తల, చుట్టూ ‘దివ్యుడైన అగస్టస్ కుమారుడు’ అని చెప్పే అక్షరాలు. బొరుసు వైపు ఆసనంపై కూర్చున్న స్త్రీ, ఒక చేతిలో దండం, మరొక చేతిలో కొమ్మ. చుట్టూ ‘ప్రధాన పురోహితుడు’ అనే అర్థంలో ‘పోంతిఫ్ మాక్సిమ్’ అన్న సంక్షిప్త లేఖనం. ఆ స్త్రీ తిబేరియస్ తల్లి లివియా అనీ, ఆమెను శాంతిదేవతగా చిత్రించారనీ పరిశోధకులు సాధారణంగా భావిస్తారు. తిబేరియస్ తన పాలనలో చాలాకాలం ఈ నమూనాను మార్చలేదు. ఏటేటా కొత్త విజయాలను చాటే పాలకుడికి ఇది లోటుగా తోచవచ్చు. దూరదేశపు వర్తకుడికి ఇదే మేలు. ఒకసారి గుర్తుపట్టిన నాణేన్ని ఇరవై ఏళ్ల తరువాత కూడా అతడు గుర్తుపట్టగలడు.

బొమ్మతోపాటు తూకం గురించీ చెప్పుకోవాలి. అగస్టస్ కాలంలో ఒక రోమన్ పౌను వెండికి 84 దెనారియస్‌లు వచ్చేవి. అంటే ఒక్కొక్కటి సుమారు 3.9 గ్రాములు. వెండి దాదాపు స్వచ్ఛమైనది. క్రీ.శ. 64 ప్రాంతంలో నీరో చక్రవర్తి ఒక పౌనుకు 96 చొప్పున ముద్రించే పద్ధతి తెచ్చాడు. తూకం సుమారు 3.4 గ్రాములకు పడిపోయింది. వెండి పాలు కూడా తగ్గింది. ఈ మార్పు ప్రాధాన్యం నాలుగవ భాగంలో స్పష్టమవుతుంది.

3. తెలంగాణ నేలలో దెనారియస్

నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లెలో లభించిన నిధిలో 1531 రోమన్ వెండి నాణేలు ఉన్నాయి. భారతదేశంలో దొరికిన అతిపెద్ద దెనారియస్ నిధుల్లో ఇది ఒకటి. పూర్తి తూకంతో లెక్కిస్తే దాదాపు ఆరు కిలోల వెండి. ఇందులో అత్యధికం అగస్టస్, తిబేరియస్‌ల నాణేలు. ఈ నిధి పరిమాణం ఒక సంగతిని సూచిస్తుంది. ఇది దారిలో ఎవరో జారవిడిచిన సొమ్ము అయి ఉండదు. వర్తకుడో, వర్తక బృందమో, సంపన్న గృహమో కూడబెట్టి, లెక్కపెట్టి, దాచిన మూలధనమై ఉండాలి.

ఉత్తర తెలంగాణలో పెద్దబంకూరు ఆధారం మరొక రకమైనది. 1960ల చివర మొదలై 1970లలో కొనసాగిన తవ్వకాలలో అక్కడ ఇటుక కట్టడాలు, బావులు, కమ్మరి పనికి ఆనవాళ్లు, వేలాది శాతవాహన నాణేలు బయటపడ్డాయి. వాటితోపాటు విద్ధాంక నాణేలూ రోమన్ నాణేలూ లభించాయి. వి.వి. కృష్ణశాస్త్రి తన పరిశోధనలో ఈ స్థలాన్ని తొలి చారిత్రక యుగపు ముఖ్య జనావాసాలలో ఒకటిగా వివరించారు. అక్కన్‌పల్లె దాచిన సొమ్ముకు సాక్ష్యమైతే, పెద్దబంకూరు మనుషులు నివసించి, పనిచేసి, అమ్మి, కొన్న చోటికి సాక్ష్యం. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940–41లో గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాలు శాతవాహన నాణేలతోపాటు రోమన్ సంబంధాన్నీ వెల్లడించాయి. పొరుగున కర్ణాటకలోని చంద్రవల్లిలో 1947లో మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాలలో అగస్టస్, తిబేరియస్ దెనారియస్‌లు శాతవాహన సంస్కృతి పొరల సంబంధంతో లభించాయి.

ఈ వెండి లోతట్టుకు ఎలా వచ్చింది? క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నౌకావర్తక గ్రంథం ‘పెరిప్లస్’ పడమటి తీరాన బారుకచ్ఛంలో బంగారు, వెండి దెనారియస్‌లను తెచ్చి లాభానికి మార్చుకునేవారని చెబుతుంది. తూర్పు తీరాన మసాలియా, అంటే మచిలీపట్నం ప్రాంతం, సన్నని వస్త్రాలకు పేరుపడిందని కూడా అదే గ్రంథం తెలుపుతుంది. లోతట్టున ప్రతిష్ఠానం, తగరం అనే నగరాల నుంచి సరుకు బారుకచ్ఛానికి చేరేదని వివరిస్తుంది. జె.ఎఫ్. ఫ్లీట్ 1901లో ఈ తగరాన్ని నేటి మహారాష్ట్రలోని తేర్‌గా గుర్తించాడు. తూర్పు తీరం నుంచి తేర్, పైఠాన్‌ల వైపు సాగే బాటలు నేటి తెలంగాణ మీదుగానే పోయేవని అతని ప్రతిపాదన. ఆ దృష్టితో చూస్తే కృష్ణా గోదావరుల మధ్య భూభాగం రెండు తీరాలను కలిపిన వంతెన.

రోమన్ల వైపు నుంచి ఈ వెండి ప్రయాణం ఒక ఫిర్యాదుగా నమోదైంది. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్సులను తరలించుకుపోతోందని ప్లినీ రాశాడు. నాలుగు సెస్టెర్సులు ఒక దెనారియస్. క్రీ.శ. 22లో తిబేరియస్ సెనేటుకు రాసిన లేఖలో స్త్రీల రత్నాల కోసం తమ ధనం పరదేశాల పాలవుతోందని వాపోయినట్లు టాసిటస్ నమోదు చేశాడు. ఇలా బాధపడిన చక్రవర్తి ముఖమే దక్కను నిధుల్లో ఎక్కువగా కనిపించేవాటిలో ఒకటి కావడం గమనార్హం.

4. రూపమా, వెండియా?

ఒకే నాణెం రెండు చోట్ల రెండు అర్థాలు పొందగలదు. దీనికి తెలుగు పాఠకులకు తెలిసిన ఉదాహరణ బైబిలులో ఉంది. మత్తయి సువార్తలో కైసరుకు పన్ను కట్టడం న్యాయమా అని అడిగినవారితో యేసు ఒక నాణెం తెప్పించి, దానిమీది రూపం, పేరు ఎవరివని అడుగుతాడు. తెలుగు అనువాదంలో ఆ నాణేన్ని ‘దేనారము’ అన్నారు. పరిశోధకులు సాధారణంగా దాన్ని తిబేరియస్ దెనారియస్‌గా గుర్తిస్తారు. యూదయ ప్రాంతంలో ఆ ముఖం పరాయి పాలనకూ, కట్టక తప్పని పన్నుకూ గుర్తు. అక్కడ ‘ఎవరి రూపం’ అన్నది ప్రాణసమానమైన రాజకీయ ప్రశ్న. అక్కన్‌పల్లెలో దాచినవారికి కైసరుకు చెల్లించవలసిన బాకీ లేదు. నాణెం అదే, ముఖం అదే. ఆ ముఖానికి వారు తలవంచవలసిన అవసరం మాత్రం లేదు.

మరి వారు ఏమి చూశారు? దీనికి సమీపమైన సాక్ష్యాన్ని ప్లినీయే ఇచ్చాడు. క్లాడియస్ చక్రవర్తి కాలంలో అనియస్ ప్లోకామస్ అనే వ్యక్తి దాస్యవిముక్తుడొకడు గాలివానలో కొట్టుకుపోయి శ్రీలంక చేరాడు. అక్కడి రాజు అతని దగ్గరున్న దెనారియస్‌లను పరిశీలించాడు. వాటి మీది బొమ్మలు వేరువేరు పాలకులవి. తూకం మాత్రం అన్నిటికీ సమానం. ఆ సమానత్వం నుంచే రాజు రోమన్ల నిజాయితీని గ్రహించి మెచ్చుకున్నాడని ప్లినీ కథనం. ఇది రోమన్ రచయిత తన జాతి గొప్పను చాటడానికి చెప్పిన కథే. అయినా అందులోని తర్కం గమనించదగినది. పరదేశి కంటికి బొమ్మల తేడా పట్టింది. విలువ నిర్ణయించింది మాత్రం తూకం.

నిధుల కూర్పు ఈ తర్కాన్ని బలపరుస్తుంది. నీరో సంస్కరణ తరువాతి తేలిక నాణేలు భారతీయ వెండి నిధుల్లో తక్కువ. అంతకు ముందరి బరువైన అగస్టస్, తిబేరియస్ నాణేలు ఎక్కువ. కొత్త చక్రవర్తి ముఖానికి ఇక్కడ కొత్త గౌరవమేమీ దక్కలేదు. మంచి వెండి అని పేరుపడిన పాత ముఖాలనే కోరుకున్నారు.

ఇక్కడివారికి అప్పటికే అలవాటైన నాణెం స్వరూపం కూడా ఇందుకు తోడ్పడింది. విద్ధాంక నాణెం మీద రాజు ముఖమూ లేదు, పేరూ లేదు. సూర్యుడు, చక్రం, కొండ, చెట్టు, జంతువుల వంటి గుర్తులు మాత్రమే ఉంటాయి. 32 రత్తుల తూకం, అంటే సుమారు 3.4 గ్రాములు, దాని కొలమానం. చేతులు మారేటప్పుడు పరీక్షించినవారు చిన్న చిన్న ముద్రలు అదనంగా కొట్టేవారు. నాణేఘాట్ శాసనంలో నాగనిక యజ్ఞదక్షిణలను లెక్కించినది ఈ కార్షాపణాలలోనే. ఇలా గుర్తునూ తూకాన్నీ నమ్మిన సమాజం చేతికి దెనారియస్ వచ్చింది. అక్కన్‌పల్లె దెనారియస్‌లపైన కూడా అదనపు ముద్రలు కనిపించడం ఈ సందర్భంలో ప్రధానమైన ఆధారం. రోమన్ నాణేన్ని దక్కను షరాబు తన పాత పద్ధతిలోకి తెచ్చుకున్నాడు. కేరళలోని ఎయ్యాల్ నిధిలో రోమన్ నాణేలూ విద్ధాంక నాణేలూ కలిసి దొరకడం కూడా రెండింటినీ ఒకే సొమ్ముగా చూసిన సంగతినే తెలుపుతుంది.

ఈ వైఖరిని అర్థం చేసుకోవడానికి తెలంగాణ సమీప గతం ఒక పోలిక ఇస్తుంది. నిజాం రాజ్యంలో చార్మినారు బొమ్మతో హాలీ సిక్కా చలామణిలో ఉండగా, రాణి, రాజుల తలలున్న బ్రిటిష్ రూపాయి కూడా చెల్లేది. దాన్ని జనం ‘కల్దార్’ అన్నారు. ‘కల్’ అంటే యంత్రం. యంత్రంపై కొట్టిన నాణెం కాబట్టి ఆ పేరు. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దార్లకు సమానం. విక్టోరియా ముఖం ఉన్న నాణేన్ని కూడా దాని తయారీని బట్టి, మారకపు విలువను బట్టి గుర్తించారు. పద్దెనిమిది శతాబ్దాల అంతరమున్న రెండు కాలాలను ఒక్కటిగా చూడకూడదు. అయినా నాణెం మీది పాలకుడిని గుర్తించకుండానే నాణేన్ని నమ్మడం సాధ్యమని ఈ పోలిక చూపుతుంది.

5. చెరిపిన ముఖం, చెరపని ముఖం

దక్కనులో నాణెం మీది ముఖానికి రాజకీయార్థం తెలియదనుకోవడం పొరపాటు. తెలుసు అనడానికి 1906లో నాసిక్ సమీపంలోని జోగల్‌తంబిలో దొరికిన నిధి తిరుగులేని సాక్ష్యం. అందులో 13,250కి పైగా వెండి నాణేలు ఉన్నాయి. అవి క్షహరాత క్షత్రపుడు నహపానుడివి. వాటిలో 9,000కు పైగా నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలను మళ్లీ కొట్టించాడు. నహపానుని ముఖం మీద శాతవాహనుల కొండ గుర్తు, ఉజ్జయిని గుర్తు వచ్చి కూర్చున్నాయి. ఓడిన శత్రువు ముఖాన్ని గెలిచిన రాజు తన చిహ్నంతో కప్పాడు. ఆ నాణెం పట్టుకున్న ప్రతివాడికీ రాజ్యం చేతులు మారిందని తెలిసింది.

ఇదే కాలానికి, ఇదే దక్కనుకు చెందిన దెనారియస్‌లను దీని పక్కన పెట్టి చూడాలి. తిబేరియస్ ముఖాన్ని చెరపవలసిన రాజకీయావసరం శాతవాహనులకు కలిగినట్లు ఆధారం లేదు. వాటిపై పడినవి పరీక్షకుల చిన్న ముద్రలు. అవి అధికార ప్రకటనలు కావు. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1898లో దొరికిన 501 రోమన్ బంగారు నాణేలలో అత్యధికంపై చక్రవర్తి తల మీదుగా ఉలితో గాటు పెట్టారు. చలామణి నుంచి తొలగించడానికే ఇలా చేశారని పలువురి అభిప్రాయం. అక్కడ కూడా ఒక రాజు మరొక రాజుపై తన గుర్తు వేసినట్లు కనిపించదు.

ఈ రెండు రకాల చర్యల మధ్య తేడాయే ఈ వ్యాసానికి మూలం. పొరుగు శత్రువు ముఖం అధికారం, దాన్ని కప్పాలి. దూరపు చక్రవర్తి ముఖం హామీ, దాన్ని పరీక్షించి దాచుకోవాలి. కనుక దెనారియస్ ఉనికిని రోమన్ అధికార ప్రభావంగా చదవడం తగదు. తమకు పనికివచ్చే సొమ్మును ఇక్కడివారు తమ కొలమానంతో ఎంచుకున్నారనడమే ఆధారాలకు దగ్గరగా ఉంటుంది.

6. నాణెం నగగా మారిన వైనం

కొండాపూర్‌లో లభించిన మట్టి బిళ్లలు ఈ కథకు మరొక మలుపు. తిబేరియస్ నాణెం బొమ్మను అనుకరించిన మట్టి పతకాలు అక్కడ దొరికినట్లు వీలర్ మొదలైనవారు పేర్కొన్నారు. వేలాడదీసుకునే వీలుతో చేసిన ఇటువంటి బిళ్లలు దక్కనులో, ఇతర ప్రాంతాలలో కూడా లభించాయి. మట్టికి వెండి విలువ లేదు. ఇక్కడ తూకం తర్కం పూర్తిగా ఆగిపోతుంది. బొమ్మ ఒక్కటే మిగులుతుంది. కానీ ఆ బొమ్మ ఇప్పుడు చక్రవర్తిది కాదు. మెడలో వేసుకున్నవారికి అది దూరదేశపు అందం, సంపదకు సంకేతం, బహుశా రక్షగా కట్టుకున్న బిళ్ల.

తెలుగువారికి ఇది వింత కాదు. కాసులపేరు మన స్త్రీల నగల్లో ప్రసిద్ధమైనది. నాణెం విలువా, నగ అందమూ ఒకే దారంలో గుచ్చిన రూపం అది. రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయలను కొలుకులు పెట్టి దండలుగా వేసుకున్న సంప్రదాయం కూడా మనకు తెలిసినదే. దండలోని రాణి ఎవరో ధరించినవారికి తెలియనక్కరలేదు. కొండాపూర్ మట్టిబిళ్ల నుంచి కాసులపేరుకు నేరుగా వారసత్వం కలపడానికి ఆధారం చాలదు. సామ్రాజ్య ప్రకటన అలంకారంగా మారే క్రమం మాత్రం రెండింటిలో ఒకటే.

7. శాతవాహనుల రూపనాణేలు: తల్లి పేరు, ప్రజల భాష

శాతవాహనుల దైనందిన నాణేలు సీసం, రాగి, మిశ్రమలోహాలతో చేసినవి. వాటి మీద ఏనుగు, సింహం, గుర్రం, ఉజ్జయిని గుర్తు వంటి బొమ్మలు ఉంటాయి. క్రీ.శ. 2వ శతాబ్దంలో వాసిష్ఠీపుత్ర పులుమావి నుంచి యజ్ఞశ్రీ శాతకర్ణి వరకు గల రాజుల పేర వెండి రూపనాణేలు వెలువడ్డాయి. రాజు తల ఉన్న ఈ నాణేలను చూడగానే రోమన్ అనుకరణ అనిపించవచ్చు. అయితే వాటి తూకం, స్వరూపం పశ్చిమ క్షత్రపుల నాణేలకు దగ్గర. ఆ క్షత్రప నాణేల వెనుక ఇండో-గ్రీకు సంప్రదాయం ఉంది. రాజు ముఖాన్ని నాణెం మీద వేసే ఆలోచన దక్కనుకు నేరుగా రోము నుంచి రాలేదు. వాటి తయారీకి కావలసిన వెండిలో కొంత కరిగించిన రోమన్ నాణేల నుంచి వచ్చి ఉండవచ్చునన్న అభిప్రాయం మాత్రం పరిశోధకులలో ఉంది. అదే నిజమైతే రోము నుంచి వచ్చినది పదార్థం, రూపం కాదు.

ఈ నాణేల లేఖనాలు తెలుగు పరిశోధకులకు మరింత ఆసక్తికరం. బొమ్మ వైపు ప్రాకృతం. బొరుసు వైపు ఒక ద్రావిడ భాష. రాజుకు ‘అరహణ’, కుమారుడికి ‘మకణ’ వంటి రూపాలను పండితులు అక్కడ చదివారు. అది తమిళమా, తొలి తెలుగుకు దగ్గరి రూపమా అన్న చర్చ సాగింది. ఏదైనా, రాజు తన ముఖాన్ని చూపించిన నాణెం మీదనే జనం మాటకూ చోటిచ్చాడు. దెనారియస్ మీద లాటిన్ ఒక్కటే ఉంది.

రాజు తనను తాను పరిచయం చేసుకున్న తీరులోనూ తేడా ఉంది. అగస్టస్, తిబేరియస్ ఇద్దరూ దైవత్వం పొందిన తండ్రికి కుమారులమని ప్రకటించుకున్నారు. శాతవాహన రాజులు గౌతమీపుత్రులు, వాసిష్ఠీపుత్రులు. తల్లి పేరుతో తమను చెప్పుకున్నారు. తిబేరియస్ నాణెం బొరుసున కూర్చున్న స్త్రీ అతని తల్లే అయితే, ఆమె బొమ్మ ఉంది, పేరు లేదు. శాతవాహన నాణెం మీద తల్లి బొమ్మ లేదు, పేరు ఉంది. రెండు రాజ్యాలు అధికారాన్ని ఊహించుకున్న తీరులోని భేదాన్ని ఈ రెండు వెండి బిళ్లలు పక్కపక్కన నిలిచి చూపుతాయి.

8. దీనారం: మిగిలిన మాట

బొమ్మ మాసిపోయినా పేరు మిగిలింది. ‘దెనారియస్’ అన్న లాటిన్ మాట గ్రీకు ద్వారా సంస్కృత ప్రాకృతాలలోకి ‘దీనార’గా వచ్చింది. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు వీరపురుషదత్తుని కాలపు నాగార్జునకొండ శాసనంలో ఉజ్జయిని రాజపుత్రి మహాదేవి రుద్రధర భట్టారిక మహాచైత్యం వద్ద స్తంభం నిలపడానికి 170 ‘దినారి మాషకాలు’ దానమిచ్చినట్లు ఉంది. కృష్ణాతీరపు బౌద్ధ శాసనంలో రోమన్ నాణెం పేరు ఇలా దానధర్మాల మాటగా మారింది. ‘నిష్క’ శబ్దానికి గల అర్థాలలో దీనారాన్ని అమరకోశం చేర్చింది. మూలంలో వెండి నాణెం పేరైన ఈ మాట భారతదేశంలో క్రమంగా బంగారు నాణేన్ని సూచించింది. శ్రీనాథుని చాటువుగా ప్రసిద్ధమైన సీసపద్యంలో దీనార టంకాల ప్రస్తావన ప్రౌఢదేవరాయల ఆస్థానంలో కవికి జరిగిన కనకాభిషేకానికి సంబంధించినది. అప్పటికి ఈ మాటకు రోముతో ఏ జ్ఞాపకమూ లేదు. ఏ చక్రవర్తీ అందులో కనిపించడు. గౌరవం, సంపద అన్న భావాలే మిగిలాయి. బొమ్మ విషయంలో జరిగినదే మాట విషయంలోనూ జరిగింది.

9. కరిగిపోతున్న సాక్ష్యం

ఈ చర్చంతా కరగకుండా మిగిలిన నాణేల మీద ఆధారపడింది. కరిగిపోయినవాటి కథ మరొకటి ఉంది. 18వ శతాబ్ది చివర నెల్లూరు సమీపంలో పొలం దున్నుతున్న రైతు నాగలికి ఇటుక కట్టు తగిలింది. తవ్వితే చిన్న ఆలయ శిథిలం, దాని కింద కుండ, అందులో క్రీ.శ. 2వ శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు. అతడు వాటిని పాత బంగారంగా అమ్మాడు. చాలా నాణేలు కరిగిపోయాయి. ముప్పైకి పైగా మాత్రం మిగిలాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ రాసిన లేఖ ద్వారా ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ రెండవ సంపుటంలో ఈ సంగతి నమోదైంది. ఆ రైతు చేసినది నేరమని చెప్పడం సులువు. ఇందాక చర్చించిన తర్కం ప్రకారం అతడు చేసినది కొత్త పని కాదు. బొమ్మను పక్కనబెట్టి లోహాన్ని చూశాడు. వెనుకటి షరాబు వెండిని పరీక్షించి దాచాడు కాబట్టి మనకు చరిత్ర దొరికింది. ఇతడు కరిగించడానికి అమ్మాడు కాబట్టి చరిత్ర పోయింది.

1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 2021 ఏప్రిల్‌లో జనగామ మండలం పెంబర్తిలో భూమి చదును చేస్తుండగా లోహపు బిందెలో బంగారు, వెండి ఆభరణాలు బయటపడ్డాయి. ఆ వార్త ఈ సమస్య నేటిదేనని గుర్తుచేసింది. స్థిరాస్తి వ్యాపారం, కాలువలు, చెరువు పూడికతీత వల్ల పాత జనావాసాల దిబ్బలు వేగంగా చదునవుతున్నాయి. లంకెబిందెల కోసం గుప్తనిధుల వేట సాగించేవారి చేతిలో ఆలయాలు, దిబ్బలు దెబ్బతింటున్నాయి.

నాణేన్ని ఒంటరిగా కాపాడటం చాలదు. ఏ కుండలో ఉంది, ఏ నాణేలతో కలిసి ఉంది, ఏ మట్టిపొరలో దొరికింది, దానిపై ఏ అదనపు ముద్రలున్నాయి అన్న వివరాలు కలిస్తేనే అది సాక్ష్యమవుతుంది. అక్కన్‌పల్లె నిధి విడివిడిగా అమ్ముడుపోయి ఉంటే 1531 అందమైన బిళ్లలు ఎక్కడో ఉండేవి. దక్కను వర్తకుడి లెక్క మాత్రం మనకు తెలిసేది కాదు. ఈ విషయంలో డిగ్రీ కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు చేయగల పని ఉంది. ఊరి పేర్లు, దిబ్బల పేర్లు, లంకెబిందెల కథలు, పాత నాణేలకు జనం పెట్టిన పేర్లు సేకరించడం క్షేత్రపర్యటనలో భాగం కావాలి. ‘పాటిగడ్డ’ అని ఊరివారు పిలిచే చోటు పురావస్తు పరిశోధకుడికి తొలి సూచన కావచ్చు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. అగస్టస్, తిబేరియస్ దెనారియస్‌లు వారసత్వాన్ని, దైవత్వాన్ని, శాంతిని చాటే రాజకీయ ప్రకటనలుగా రూపొందాయి. ఆ ప్రకటనకు ఉద్దేశించిన పాఠకులు రోమన్ సామ్రాజ్య ప్రజలు.

2. ముఖం లేని విద్ధాంక నాణేలకు అలవాటుపడిన తెలంగాణ సమాజం దెనారియస్‌ను తన తూకం, ముద్రల పద్ధతిలోకి స్వీకరించింది. అక్కన్‌పల్లె నాణేలపై అదనపు ముద్రలు, నీరోకు పూర్వపు నాణేల ఆధిక్యం ఇందుకు ఆధారాలు.

3. నహపానుని ముఖంపై ముద్ర పడటం, రోమన్ ముఖంపై అటువంటి రాజముద్ర కనిపించకపోవడం దక్కనులో రాజరూపం పట్ల ఉన్న స్పష్టమైన వివేచనను తెలుపుతాయి.

4. శాతవాహన రూపనాణేలు క్షత్రప సంప్రదాయాన్ని అందుకున్నాయి. తల్లి పేరు, ద్రావిడ భాష అనే రెండు అంశాలతో తమ ప్రత్యేకతను నిలుపుకున్నాయి.

5. కొండాపూర్ మట్టిబిళ్లలోనూ, దీనారం అనే మాటలోనూ సామ్రాజ్యం తొలగిపోయి సంపద, అందం అనే భావాలు మిగిలాయి.

ఈ అంశాలను కలిపి చూస్తే, తెలంగాణ రోమన్ నాణేలను ‘రోమన్ ప్రభావం’ అన్న శీర్షిక కింద చేర్చడం కన్నా దక్కను ఆర్థిక వివేకానికి ఆధారాలుగా అధ్యయనం చేయడం సముచితం. నిధులను మొత్తంగా, దొరికిన చోటి వివరాలతో సహా కాపాడుకున్నప్పుడే ఆ అధ్యయనం ముందుకు సాగుతుంది.